పిల్లి ఊపిరి: ఒక నిమిషపు లెక్క

పిల్లి తిరుగని వీధి మన దేశమున లేదు. బియ్యపు బస్తా యున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట పిల్లి యుండును. మనము దానిని పోషించుచున్నామని తలంతుము గాని, అది మన ధాన్యమును కాపాడి తన కూలిని తానే సంపాదించుకొనుచున్నది. తరతరములుగా మన పొయ్యి ప్రక్కను పరుండు ఈ జంతువును గూర్చి మనకెన్నియో సామెతలు వచ్చును. అది కన్నులు మూసికొని పాలు త్రాగుననియు, దాని మెడలో గంట గట్టువారు లేరనియు చిన్ననాటినుండి చెప్పుకొనుచున్నాము. కాని ఆ పిల్లి నిమిషమున కెన్నిమారులు ఊపిరి పీల్చునో చెప్పుడని యెవరైన నడిగినచో, మనలో ఎందరు చెప్పగలరు? ఈ ప్రశ్నకు ఉత్తరము తెలియక నేనొకనాడు తలవంచుకొనవలసి వచ్చినది. ఆ సంగతిని ముందు చెప్పి, పిమ్మట నా యభిప్రాయమును మీ యెదుట నుంచెదను.

మా యింట బూడిదవన్నె పిల్లి యొకటి తొమ్మిదేండ్లు పెరిగినది. నేను రాత్రివేళ విద్యార్థుల పుస్తకములు దిద్దుచుండగా, దిద్దిన పుస్తకముల మీదనే పరుండుట దానికి వాడుక. ఒక చలికాలమున అది ఆటలు మానినది. గోడ యెక్కుట మానినది. పాలగిన్నె చప్పుడైనను పఱుగెత్తి వచ్చుటకు మాఱు మెల్లగా నడచి వచ్చుచుండెను. ఒకనాటి సాయంకాలము మా తల్లి దాని ప్రక్కను గూర్చుండి, "నాయనా, దీని డొక్కలు చూడు, ఎట్లా ఎగిరెగిరి పడుతున్నాయో!" అనెను. నేను తల యెత్తకయే, "ముసలిదైందమ్మా, నిద్రపోతోంది, పోనీలే" అని బదులు చెప్పితిని. మా తల్లి బడికి పోయినది కాదు. కాని ఆవులను, గేదెలను సాకి, వాని ఊపిరిని జూచి రోగమును గుర్తించుట యెఱిగినది. నేను కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. చూడవలసినదానిని ఆమె చూచినది, నేను చూడలేదు.

మూడవనాటి యుదయమున అది మోకాళ్ళు ముడుచుకొని, మెడ చాచి, నోరు తెఱచి ఊపిరి పీల్చుచుండెను. అప్పుడు గాని నాకు భయము కలుగలేదు. పశువైద్యుని యొద్దకు గొనిపోతిని. ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న యిది: "మాస్టరుగారూ, నిన్న మొన్న ఇది నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుందండీ?" లోలకము నిమిషమున కెన్ని ఊపు లూగునో లెక్కపెట్టుమని యేటేట పిల్లలకు నేర్పు నేను ఒక్క అంకెయైనను చెప్పలేకపోతిని. ఆయన తన గడియారమును జూచి తానే లెక్కించెను: 58. ఎక్స్‌రే తీయగా ఊపిరితిత్తులకును ప్రక్కటెముకలకును నడుమ నీరు చేరినట్లు కనబడెను. సూదితో ఆ నీటిని తీసిన పిదప పిల్లి కొంత తెప్పరిల్లెను గాని, దాని గుండె చాలకాలముగ చెడియున్నదని వైద్యుడు చెప్పెను. మఱునాడు తెల్లవారక మునుపే అది చనిపోయెను. వైద్యుడు నన్ను నిందింపలేదు. మా తల్లియు నిందింపలేదు. నన్ను నిందించినది ఆ ప్రశ్నయే.

ఇక విషయమునకు వచ్చెదను. పిల్లి ఊపిరి పీల్చు విధము మనదానివంటిదే. రొమ్మునకును కడుపునకును నడుమ ఉదరవితానమను కండర మొకటి గొడుగువలె నుండును. అది క్రిందికి దిగి, ప్రక్కటెముకలు విచ్చుకొనగా రొమ్ముగూడు విశాలమగును. గాలి ముక్కుద్వారా లోపలికి ప్రవేశించును. ఇది ఉచ్ఛ్వాసము. ఆ కండరము సడలగా ఊపిరితిత్తులు ముడుచుకొని గాలిని వెలికి నెట్టును. ఇది నిశ్వాసము. మనకు ప్రక్కటెముకలు 12 జతలు. పిల్లికి 13 జతలు. ఊపిరితిత్తులలో మిక్కిలి పలుచని వాయుగోణులు లెక్కకు మిక్కిలిగ నున్నవి. వాని గోడల గుండ ప్రాణవాయువు నెత్తుటిలోనికి పోవును. బొగ్గుపులుసు వాయువు వెలికి వచ్చును. ఈ యిచ్చిపుచ్చుకొనుట కెక్కడ అడ్డు గలిగినను, దేహము చేయగల మొదటి పని ఊపిరిని వేగిరపఱచుటయే. కావున ఊపిరి వేగము లోపలి కష్టమును వెలికి దెలుపు సాధనము. పిల్లి తన నొప్పిని దాచుకొనగలదు గాని దీనిని దాచలేదు.

పిల్లి నొప్పిని దాచునని యేల యంటినో చెప్పవలయును. పిల్లి వేటాడు జంతువు. కాని తనకంటె పెద్ద జంతువులకు తానును ఆహారమే. అట్టి జీవికి తన బలహీనతను బయటపెట్టుట ప్రమాదము. అందువలన అది వ్యాధి కలిగినప్పుడు మూలుగదు, మన యొద్దకు వచ్చి మొఱపెట్టుకొనదు. ఒక మూలకు చేరి ఊరకుండును. మనము దానిని జూచి విశ్రాంతి తీసికొనుచున్నదని తలంతుము. నేను తలంచినదియు నదియే.

ప్రాణుల ఊపిరి వేగములు వేఱు వేఱుగ నుండును. విశ్రాంతిగ నున్న గుఱ్ఱము నిమిషమునకు 8 మొదలు 16 మారులును, పెద్ద మనుష్యుడు 12 మొదలు 20 మారులును ఊపిరి తీయును. చిట్టెలుకకు నిమిషమునకు నూఱు మారులైనను చాలవు. దేహము చిన్నదగుకొలది, దాని బరువును బట్టి చూడగా చర్మపు వైశాల్య మెక్కువగును. వేడి త్వరగ పోవును. ఆ వేడిని నిలుపుకొనుటకు ప్రాణవాయు వెక్కువ కావలయును. పిల్లి ఈ వరుసలో నడుమ నిలుచును. ఊరక విశ్రమించియున్న పిల్లి నిమిషమునకు 16 మొదలు 30 మారులు ఊపిరి తీయును. గాఢముగ నిద్రించు ఆరోగ్యవంతమైన పిల్లికి సామాన్యముగ 30కి లోబడియే యుండును. పెక్కు పిల్లులకు 20 ప్రాంతమున నుండును. చిన్న కూనలకు కొంచె మధికముగ నుండుట కలదు.

లెక్కించు పద్ధతి సులభమే గాని, దానికి కొన్ని నియమములు గలవు. మొదటిది: పిల్లి నిద్రించుచుండవలయును. ఆడి వచ్చినప్పుడు గాని, తినుచున్నప్పుడు గాని, క్రొత్తవారిని జూచి బెదరినప్పుడు గాని లెక్కించిన అంకె దాని ఆరోగ్యమును దెలుపదు. రెండవది: దానిని ముట్టకూడదు, దూరమునుండి డొక్కను జూడవలయును. డొక్క ఒకమారు లేచి ఒకమారు దిగుట ఒక ఊపిరి. లేచుట ఒకటి, దిగుట ఒకటి యని లెక్కించిన పిల్లలు రెట్టింపు అంకె తెచ్చి భయపడుట నేను చూచితిని. మూడవది: మీసములు అదరుచు, కాళ్ళు కదలుచు నున్నప్పుడు అది కలగనుచుండవచ్చును; అప్పుడు ఊపిరి సమముగ నుండదు; కొంతసేపు వేచియుండవలయును. నాలుగవది: గురగుర లాడుచున్నప్పుడు లెక్కింపరాదు. గురగుర లాడు పిల్లి మేలుకొని యున్నది. ఆ యదురు ఉచ్ఛ్వాసమునను నిశ్వాసమునను ఎడతెగక నుండుటచే డొక్క కదలిక సరిగ తెలియదు. మఱియు గురగుర యన్నది సంతోషమునకే గుర్తని నమ్మరాదు. బాధలో నున్న పిల్లియు గురగుర లాడుట కలదు.

అయిదవ నియమమును గూర్చి లెక్కల ఉపాధ్యాయునివలె కొంచెము పట్టుపట్టెదను. నిండు నిమిషము లెక్కింపుడు. కొందఱు 15 సెకనులు లెక్కించి నాలుగింట గుణింతురు. అందులోని ప్రమాదమును జూడుడు. 15 సెకనులలో 7 వచ్చినచో 28 అగును. 8 వచ్చినచో 32 అగును. ఒక్క ఊపిరి పొరపాటుచే భయము లేని అంకె భయము గల అంకెగ మాఱును. నిండు నిమిషము లెక్కించినవానికి ఒక్క ఊపిరి పొరపాటు ఒక్క ఊపిరిగనే మిగులును. ఓపిక లేని లెక్కకు తప్పు పెద్దదగుననుట పిల్లి విషయముననే గాదు, ఎచ్చటనైనను సత్యమే.

ఇట్లు వచ్చిన అంకెల నేమనుకొనవలయును? నిద్రించు పిల్లికి 30కి లోపల నుండి, ప్రతిమారు ఇంచుమించుగ నొకటేయైనచో నిశ్చింతగ నుండవచ్చును. 30 దాటినచో కంగారుపడక, గంట రెండు గంటల పిమ్మట మరల నిద్రించుచుండగా లెక్కింపవలయును. మరల మరల 30 దాటుచుండినచో ఆ దినమే వైద్యునకు దెలుపవలయును. చల్లని చోట నిద్రించుచు 40 దాటినచో ఆలస్యము చేయరాదు. వీనికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు: మీ పిల్లి యొక్క వాడుక అంకె. ఎప్పుడును 18 గల పిల్లికి ఒక వారమున 28 వచ్చి నిలిచినచో, అది 30కి లోబడినదే యైనను, ఆలోచింపదగిన మార్పే. ఆ వాడుక అంకె తెలియవలెనన్న ఆరోగ్యముగ నున్న దినములలోనే వ్రాసి యుంచుకొనవలయును. వ్యాధి వచ్చిన పిమ్మట వెదకినచో అది దొరకదు. వైద్యుని యెదుట నాకు దొరకనిది అదియే.

వేగము హెచ్చుటకు కారణములు పెక్కులు. పిల్లులకు వచ్చు గుండె జబ్బులలో గుండె గోడలు దళసరి యగునది మిక్కిలి సామాన్యము. పైకి ఆరోగ్యముగ గనబడు పిల్లులలో నూటికి సుమారు 15కి ఈ గుణ మున్నట్లు వైద్యులు పరీక్షలలో గనుగొనిరి. వానిలో పెక్కింటికి జీవితాంతమువఱకు బాధ లేకపోవచ్చును. కొన్నింటికి మాత్రము దళసరియైన ఎడమ జఠరిక సరిగ సడలక, నెత్తురు వెనుకకు నిలిచి, ఊపిరితిత్తులలోనో వాని చుట్టునో నీరు చేరును. అప్పుడు నిద్రలోని ఊపిరి వేగము, తక్కిన గుర్తులు స్పష్టపడక మునుపే, హెచ్చుట కలదు. గుండె జబ్బు గల పిల్లిని సాకువారికి వైద్యులు ప్రతిదినము ఈ లెక్క వ్రాయుమని చెప్పుట ఇందువలననే. ఉబ్బసము మఱియొక కారణము. ఉబ్బసము గల పిల్లి నేల కానుకొని, మెడ చాచి దగ్గును. ఇంటివారు వెండ్రుకల ఉండ గొంతున నడ్డుపడినదని నవ్వి యూరకుందురు. నెత్తురు పీల్చు పురుగులు మిక్కుటమై రక్తహీనత గలిగిన కూనలును వేగముగ ఊపిరి తీయును. వాని చిగుళ్ళు పాలిపోయి యుండును. జ్వరము, నొప్పి, ఎండదెబ్బ, భయము, ఇవియును వేగమును పెంచును. పిల్లి దేహపు వేడిమి మనకంటె నెక్కువ. 100½ మొదలు 102½ డిగ్రీల ఫారన్‌హీటువఱకు దానికి సహజము. కావున చేతికి వెచ్చగ తగిలినంతమాత్రమున జ్వరమని నిర్ణయింపరాదు.

ఇచ్చట నొక విద్యార్థి సంగతి చెప్పుట మంచిది. ఏప్రిల్ మాసమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు రొప్పుచు వచ్చి, "మాస్టరుగారండీ, మా పిల్లికి నలభై నాలుగు వచ్చిందండీ" అని కన్నీరు పెట్టుకొనెను. ఎప్పుడు, ఎచ్చట లెక్కించితివని యడిగితిని. మధ్యాహ్నము రెండు గంటలకు, రేకుల వసారాలో నని చెప్పెను. "రాత్రి చల్లబడ్డాక, అది బాగా నిద్రపోయాక మళ్ళీ లెక్కపెట్టు, అప్పుడూ అంతే ఉంటే మీ నాన్నగారితో కలిసి ఆసుపత్రికి వెళ్ళు" అంటిని. మఱునాడు వచ్చి 24 అని చెప్పెను. వాని మొగమున వెలిగిన సంతోషమును నేను మఱవలేదు. వాడు తప్పు లెక్కింపలేదు. వేళయు చోటును తప్పినవి. అంకెకు ప్రక్కను వేళ, చోటు వ్రాయని పుస్తకము సగము పుస్తకమే యని నేను పది పాఠములలో చెప్పినదానిని ఆ పిల్లి వానికి ఒక్క రాత్రిలో నేర్పినది.

అంకె యొక్కటియే చాలదు. ఊపిరి తీరును గూడ జూడవలయును. కుక్క నాలుక చాచి రొప్పుట దానికి సహజము. అట్లు రొప్పియే అది తన వేడిని వెలికి పంపును. పిల్లి యట్లు కాదు. అది ముక్కుతో ఊపిరి తీయును. ఒడలు నాకి తడిచేసికొని, నీడకు చేరి చల్లబడును. మిక్కిలి ఎండలోనో, భయములోనో, విపరీతముగ పఱుగెత్తిన పిమ్మటనో కొద్ది క్షణములు నోరు తెఱచిన తెఱవవచ్చును గాని, విశ్రమించియున్న పిల్లి నోరు తెఱచి ఊపిరి తీయుట గొప్ప యపాయమునకు గుర్తు. క్రొత్త వాసన జూచి పై పెదవి ముడిచి, నోరు కొంచెము తెఱచి క్షణకాలము నిలుచుట వేఱు. అది అంగుటిలోని యొక ప్రత్యేకేంద్రియముతో వాసనను పరీక్షించుట. దానికి భయపడ నక్కఱలేదు. ఊపిరితోబాటు కడుపు ఎగసిపడుట, మోచేతులు దేహమునకు దూరముగ నుంచుట, ప్రక్కవాటుగ పరుండలేక ముడుచుకొని కూర్చుండుట, చిగుళ్ళు నీలివన్నె దాల్చుట, వీనిలో నేది కనబడినను లెక్కతో కాలము గడపరాదు. గడియారమును ప్రక్కన బెట్టి ఆసుపత్రికి బయలుదేరవలయును.

అట్టి సమయమున మనము చేయు మేలు కీడుగ మాఱకుండ జూచుకొనవలయును. నోరు బలిమిని తెఱచి నీరు గాని, పాలు గాని, కషాయము గాని పోయరాదు. గట్టిగ పట్టుకొని పెనగులాడరాదు. ఊపిరి చాలని పిల్లికి పెనగులాటయే ప్రాణము తీయవచ్చును. గాలి యాడు బుట్టలోనో పెట్టెలోనో మెల్లగ నుంచి గొనిపోవలయును. మఱియొక హెచ్చరిక మిక్కిలి ముఖ్యము. మన యిండ్లలో జ్వరమునకు వాడు పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషము. దానిని విఱిచి హానిలేకుండ జేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని గోల్పోవును, చిగుళ్ళు గోధుమవన్నెకో నీలివన్నెకో తిరుగును, ఊపిరి వేగిరపడును. ఒక్క మాత్రయే ప్రాణాంతకము కావచ్చును. పసిపిల్లల కిచ్చునది పిల్లి కేల యీయరాదని తలంచి దయతో నిచ్చినవారే దానిని చంపినవారగుదురు. తెలివి లేని దయ యెంత ప్రమాదకరమో దీనివలన గ్రహింపుడు.

ఇప్పుడు నా యభిప్రాయము. పిల్లి గల ప్రతి యింట వారమున కొకమారైనను దాని నిద్రలోని ఊపిరిని నిండు నిమిషము లెక్కించి, తేదీ వేసి వ్రాయవలయును. ఆ పనిని ఇంటిలోని బాలురకో బాలికలకో అప్పగింపవలయును. మన పాఠశాలలో శ్వాసక్రియను బోధించునప్పుడు, పటము గీయించి పేర్లు వ్రాయించుటతో సరిపెట్టక, ప్రతి విద్యార్థియు ఒక ప్రాణి ఊపిరిని పదునాలుగు దినములు లెక్కించి పట్టిక వేయునట్లు చేయవలయును. పిల్లి లేనివారు ఆవును గాని, కుక్కను గాని, నిద్రించు తమ తాతగారిని గాని లెక్కింపవచ్చును.

దీనికి కొందఱు ఆక్షేపణ చేయుదురు. "మనుష్యులకే వైద్యము చాలని దేశములో పిల్లి ఊపిరి లెక్కపెట్టుట పనిలేని పని గాదా?" అని యడుగుదురు. ఈ ప్రశ్నను నేను తేలికగ త్రోసివేయను. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఒక నిమిషము చాలును. కాని అది పెద్ద సమాధానము గాదు. పెద్ద సమాధాన మిది. దగ్గుతో బాధపడు పసిబిడ్డకు ఊపిరితిత్తుల వాపు సోకినదేమో గుర్తించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపిన మార్గములలో మొదటిది బిడ్డ ఊపిరిని నిండు నిమిషము లెక్కించుటయే. రెండు మాసములు నిండని శిశువునకు 60, రెండు మాసములు మొదలు ఏడాది లోపలి బిడ్డకు 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపలి బిడ్డకు 40. ఈ యంకెలను చేరినను దాటినను వైద్యునకు చూపవలయును. మన పల్లెలలో ఆశా కార్యకర్తలకు ఈ లెక్కను నేర్పుచున్నారు. బిడ్డ అంకెలు వేఱు, పిల్లి అంకెలు వేఱు, ఒకదానికొకటి వర్తింపవు. కాని చూచు కన్ను ఒక్కటే, ఓపిక యొక్కటే. నిద్రించు పిల్లి డొక్కను నిండు నిమిషము చూడ నేర్చిన బాలిక, తల్లి యైన దినమున తన బిడ్డ రొమ్మును జూడ వెనుదీయదు. పిల్లికి పెట్టిన నిమిషము మనుష్యులనుండి దొంగిలించిన నిమిషము గాదు.

మఱికొందఱు, "అంకెలు చూచి భయపడుటయే గాని వానివలన రోగము తెలియునా?" యందురు. నిజమే; తెలియదు. 45 అను అంకె గుండె జబ్బో, ఉబ్బసమో, రక్తహీనతయో చెప్పదు. అది తలుపు తట్టు చప్పుడువంటిది; వచ్చినదెవరో తలుపు తెఱచి చూడవలసినవాడు వైద్యుడు. అంకె సరిగ నున్నంతమాత్రమున పిల్లి సంపూర్ణారోగ్యముతో నున్నదనియు చెప్పరాదు. అది తినుచున్నదా, ఆడుచున్నదా, మలమూత్రములు సరిగ నున్నవా యని జూచుట మానరాదు. కాని చప్పుడే వినకున్నచో తలుపు తెఱచుట యెట్లు? నేడు చాలమంది యింట చేతిఫోనున్నది. దానిలోని గడియారముతో లెక్కింపవచ్చును. నిద్రించు పిల్లి డొక్కను ఒక నిమిషము చలనచిత్రముగ తీసి వైద్యునకు చూపవచ్చును. ఆసుపత్రిలో బెదరిన పిల్లి చూపని దానిని ఆ చిత్రము చూపును.

ప్రాణి చలనమును గడియారముతో గొలుచుట వైద్యశాస్త్రమునందు మిక్కిలి ప్రాచీనమైనది గాదు. ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్లోయర్, సరిగ ఒక నిమిషము నడచు గడియారమును చేయించి, దానితో నాడిని లెక్కించు విధమును 1707లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. అంతకు మునుపు నాడి వేగముగ నున్నదనియు, మెల్లగ నున్నదనియు మాటలతో చెప్పుటయే పెద్ద వాడుక. ఆ ఫ్లోయరు తానే ఉబ్బసముతో చిరకాలము బాధపడినవాడు; ఆ వ్యాధిని గూర్చి 1698లోనే గ్రంథము ప్రకటించినవాడు. ఊపిరి యాడకుండుట యెట్టిదో యెఱిగినవాడే నిమిషపు విలువను గుర్తించుట నాకు ఆశ్చర్యముగ దోచలేదు. "వేగముగ నున్నది" యను మాటకును "58" అను అంకెకును గల దూరమే శాస్త్రము నడచిన దూరము. నేను మా యింట ఆ దూరమును నడువలేదు.

తలిదండ్రులారా! మీ పిల్లలు పిల్లి ప్రక్కను గడియారము బెట్టుకొని కూర్చున్నప్పుడు, చదువు మాని ఆడుచున్నారని కోపపడకుడు. వారు చదువుచున్నారు. విద్యార్థులారా! మీ యమ్మమ్మయో నాయనమ్మయో "దీని డొక్కలు చూడు" అని చెప్పినప్పుడు, ఆమె చదువుకొనలేదని త్రోసిపుచ్చకుడు. ఆమె కన్ను చూచినదానిని మీ గడియారము లెక్కింపనిండు. ఆ రెండును కలిసినచో గాని పని పూర్తి గాదు.

ఇప్పుడు మా యింట మఱియొక పిల్లి యున్నది. నల్లది, మిక్కిలి యల్లరిది. మా పంచాంగము ప్రక్కను ఒక చిన్న పుస్తకము వ్రేలాడుచున్నది. అందు ప్రతి యాదివారపు రాత్రియు మా తల్లి పిల్లిని జూచి చెప్పును. నేను గడియారము చూచి వ్రాయుదును. క్రిందటి వారము 21. ఈ వారము 22. ఎవరైన నన్ను మరల నడిగినచో ఈసారి ఉత్తరము చెప్పగలను. మీరును చెప్పగలవారు కావలయుననియే నా కోరిక.